కనిగిరి కాలువ కింద మా తాతల చెరకు తోట

నెల్లూరు నుంచి ముంబై రోడ్డు మీద బుచ్చిరెడ్డిపాళెం వైపు వెళ్తుంటే కనుచూపు మేర వరి తప్ప మరో పైరు కనిపించడం అరుదు. అందుకే, మా అమ్మ పుట్టింటివారు మూడు తరాల పాటు చెరకు పండించి బెల్లం వండిన చోటును చూడాలని సంక్రాంతి తర్వాత బయలుదేరినప్పుడు, అక్కడ ఏమైనా మిగిలి ఉంటుందా అన్న అనుమానం నన్ను వదల్లేదు.

మామయ్య బండి మీద కాలువ గట్టు వెంట తీసుకెళ్లాడు. 1880ల్లో సంగం దగ్గర పెన్నకు కట్టిన ఆనకట్ట నుంచి కనిగిరి జలాశయానికి చేరిన నీరే ఈ పొలాలన్నిటికీ ఆధారంగా ఉండేది. అయితే చెరకుకు పది పన్నెండు నెలలు తడి కావాలి. కాలువకు నీళ్లు ఆపేసే వేసవిలో తోటను బతికించింది తాత తవ్వించిన బావి. ఇప్పుడందులో రావిచెట్టు మొలిచి, మెట్లను వేళ్లతో ఎత్తేసింది.

బావికి పడమరగా గానుగ కనిపించింది. నిలువుగా నిలబెట్టిన మూడు ఇనుప రోళ్లు, మధ్యదానికి దూలం బిగించే తల, పళ్ల చక్రాల సందులో కందిరీగల గూడు. 1870ల్లో బీహార్‌లోని బిహియాలో రూపొంది దేశమంతా పాకిన నమూనా ఇది. దాని చుట్టూ ఎద్దులు తిరిగిన బాట జానెడు లోతున గుండ్రంగా కుంగి ఉంది. ఆ వలయంలో గడ్డి ఇప్పటికీ పలచగానే మొలుస్తోంది. నాకు ఇంతకంటే పెద్ద శిథిలం అక్కర్లేదనిపించింది.

పొయ్యి మాత్రం తుమ్మచెట్ల కింద సగం పూడిపోయింది. మట్టి గీకి చూస్తే, ఏళ్ల తరబడి పిప్పి మంట తగిలిన ఇటుకలు నల్లని గాజులా మెరిశాయి. ఒకప్పుడు ఇక్కడ బెల్లం వండిన పెద్దాయన కర్ర ఊతంగా మా వెంట వచ్చాడు. పెద్ద పెనంలో కాగే చెరకు రసంలో సున్నపు తేట కలిపి, మరిగేకొద్దీ పైకి తేలే మడ్డిని ఎలా తోడేవారో చెప్పి, “పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాల. ఆ ఉండని పెనానికేసి కొడితే టంగుమనాల. అప్పుడే దించాల అబ్బయ్యా, ఆలస్యమైతే బెల్లం మాడిపోద్ది” అన్నాడు.

కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కో 419 రకాన్ని తాత నాటించేవాడట. ఒకసారి నాటితే, కొట్టిన మొదళ్ల నుంచే మళ్లీ చిగురించే కార్సి పంటలు రెండు తీసేవారు. కొట్టిన చెరకును నిలవ ఉంచితే రసం పులుస్తుంది కాబట్టి, వంట మొదలైతే పదిమంది రాత్రీ పగలూ ఇక్కడే. ఆ పదిమంది దొరకడమే కష్టమవుతున్న రోజుల్లో, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను తోటను నేలకు పరిచేసింది. పడిన గడలకు కణుపుల దగ్గర వేర్లు పుట్టాయి. ఆ ఏడాది బెల్లం గడ్డకట్టక జిగటగా మిగిలిందట. పెన్న మీద కట్టిన సోమశిల జలాశయం నీళ్ల మీద నమ్మకం కుదిరాక మామయ్య వరిలోకి దిగాడు. అందులో ఆయన తప్పు నాకేమీ కనపడలేదు.

పెనాన్ని ఎప్పుడో తూకానికి అమ్మేశారు. గానుగ ఎందుకు మిగిలిందని అడిగితే మామయ్య నవ్వాడు. దాని కింది దుంగ నిలువెత్తు లోతున పాతి ఉందట. తవ్వే కూలి ఇనుము ధరను మించిపోతుందని పాత సామాన్లవాడు రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్లాడట.