హైడ్రోజన్ బంకు: కష్టమంతా ఆఖరి పది మీటర్లలోనే

హైడ్రోజన్ బండ్ల గురించి మన దగ్గర జరిగే చర్చంతా నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ చుట్టూనే తిరుగుతుంది. కిలోకి 50–55 యూనిట్ల కరెంటు, ఎన్ని మెగావాట్లు, ఎన్ని కోట్లు. 2025 మార్చిలో కేంద్రం మంజూరు చేసిన 37 బండ్లు, 9 ఫిల్లింగ్ స్టేషన్ల పైలట్ ప్రాజెక్టుల్లో విశాఖపట్నం–బయ్యవరం రూటు కూడా ఉంది. కాబట్టి గ్యాస్ తయారయ్యాక ఏం జరుగుతుందో కూడా ఇక మాట్లాడుకోవాలి. ఇల్లు అలకగానే పండగ కాదు. స్టేషన్ మూతపడి ఉందంటే కారణం ఎక్కువగా గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్, దాన్ని చల్లబరిచే చిల్లర్, బండికి తగిలించే నాజిల్, ఈ మూడింటిలో ఒకటి.

ముందు తేల్చుకోవాల్సింది బండి ట్యాంకు ప్రెషర్ 350 బారా, 700 బారా అన్నది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషరంత). 15 డిగ్రీల దగ్గర 350 బార్‌లో లీటరుకి సుమారు 24 గ్రాముల హైడ్రోజన్ పడుతుంది, 700 బార్‌లో 40 గ్రాములు. ప్రెషర్ రెట్టింపు చేసినా సరుకు రెట్టింపు కాదు. కారులో చోటు తక్కువ కాబట్టి 700 తప్పదు: రెండో తరం టయోటా మిరాయ్‌లో 5.6 కిలోలు, మొదటి తరం హ్యుందాయ్ నెక్సోలో 6.33 కిలోలు అలాగే ఇముడుతున్నాయి. బస్సుకి పైకప్పంతా ఖాళీయే, 350 సరిపోతుంది. 700 పెట్టారంటే స్టేషన్‌లో 900 బార్ దాటిన స్టోరేజీ, మైనస్ 40 చిల్లర్, దానికి తగ్గ పైపులు, అన్నీ వెంటబడి వస్తాయి. రోడ్డు మీద హైడ్రోజన్ కార్లు లేని చోట మొదటి స్టేషన్‌కే 700 డిస్పెన్సర్ (బండికి గ్యాస్ నింపే యంత్రం) పెట్టడం డబ్బు తగలేయడమే. డిపోలో 350తో మొదలుపెట్టి, పునాదుల్లో, కేబుల్ ట్రెంచిలో రెండోదానికి చోటు వదిలితే చాలు.

చల్లబరచడం ఎందుకంటే, ట్యాంకులోకి గ్యాస్ తోసుకుపోయేకొద్దీ లోపలున్న గ్యాస్ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. పైగా వంటగ్యాస్ వాల్వు గుండా విస్తరిస్తే చల్లబడుతుంది గానీ, హైడ్రోజన్ మామూలు ఉష్ణోగ్రతలో విస్తరిస్తే కాస్త వేడెక్కుతుంది. ట్యాంకు 85 డిగ్రీలు దాటకూడదు. లోపల ప్లాస్టిక్ లైనరు, బయట కార్బన్ ఫైబరు చుట్టిన టైప్ 4 ట్యాంకు వేడిని బయటికి వదలదు, అల్యూమినియం లైనరున్న టైప్ 3 కొంత నయం. అందుకే కార్లకి వాడే ఎస్‌ఏఈ జె2601 అనే ఫిల్లింగ్ ప్రమాణం ప్రకారం, టి40 తరగతి (గ్యాస్‌ని మైనస్ 40కి చల్లబరిచే) డిస్పెన్సరైతే, ఫిల్లింగ్ మొదలైన 30 సెకన్లలోపు నాజిల్ దగ్గర గ్యాస్ మైనస్ 33కీ మైనస్ 40కీ మధ్యకి రావాలి. రాకపోతే డిస్పెన్సర్ వేగం తగ్గిస్తుంది, లేదంటే ఆపేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన మొదటి బండికి ఇదే జరుగుతుంది. చిల్లర్ బాగానే ఉంటుంది, కానీ చిల్లర్‌కీ గొట్టానికీ మధ్యనున్న పైపు ఎండకి కాగిపోయి ఉంటుంది. ఆ దూరం ఎంత తగ్గిస్తే అంత మంచిది. మిగిలిన పైపుకి గట్టి ఇన్సులేషన్, పైన నీడ ఉండాలి. బయట వేడి పెరిగేకొద్దీ జె2601 పట్టికలే నిమిషానికి పెంచే ప్రెషర్‌ని తగ్గిస్తాయి. చలిదేశపు బ్రోషర్‌లో రాసిన నిమిషాలు మే నెల విశాఖలో రావు.

నాజిల్ తగిలించి లాక్ చేశాక డిస్పెన్సర్ ముందు చిన్న మోతాదు గ్యాస్ వదిలి ట్యాంకు ప్రెషర్ చూస్తుంది, లీకు పరీక్షిస్తుంది, ఆపైనే అసలు ఫిల్లింగ్. కారు వైపు నుంచి ఇన్‌ఫ్రారెడ్‌లో ట్యాంకు ఉష్ణోగ్రత, ప్రెషర్ అందుతుంటాయి. ఆ కిటికీ మీద దుమ్మో తేమో పేరుకుంటే సిగ్నల్ పోతుంది. అప్పుడు డిస్పెన్సర్ జాగ్రత్త కొద్దీ ముందే ఆపేస్తుంది, డ్రైవరేమో ట్యాంకు నిండలేదని గొడవ. నాజిల్ తుడిచే గుడ్డతోనే ఆ కిటికీని కూడా తుడవాలి. 350 నాజిల్ 700 బండికి పడుతుంది, 700 నాజిల్ మాత్రం 350 బండికి పట్టకుండా ఆకారంలోనే అడ్డు పెట్టారు.

సముద్రపు గాలిలో అసలు తలనొప్పి నాజిల్ గడ్డకట్టడం. మైనస్ 40 గ్యాస్ పోయిన లోహం మీద గాలిలోని తేమ మంచై, నాజిల్ బండి వైపు మూతికి (రిసెప్టకిల్) అతుక్కుంటుంది. వెంట వెంటనే రెండు మూడు బండ్లు నింపితే ఇంకా ఎక్కువ. లాగి పీకితే సీలు పోతుంది. సుత్తి దెబ్బలైతే అసలు వద్దు. మంచు కరిగేదాకా ఆగడమే మార్గం. నాజిల్ చుట్టూ పొడి నైట్రోజన్ ఊదే ఏర్పాటు మొదట్లోనే పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కొటేషన్‌లో ఇది ‘ఆప్షనల్’ అని ఉంటుంది, కోస్తాలో ఆప్షనల్ కాదు.

కంప్రెసర్ సంగతికొస్తే, డయాఫ్రమ్ రకంలో ఒకదాని మీద ఒకటిగా మూడు పలుచని లోహపు రేకులుంటాయి, అవి వంగుతూ గ్యాస్‌ని నొక్కుతాయి. ఒకటి పగిలితే మధ్య రేకు సందులోకి ప్రెషర్ చేరి స్విచ్ కొడుతుంది, మెషీన్ ఆగుతుంది. పగలడానికి ముఖ్య కారణాలు గ్యాస్‌తో వచ్చిన నలుసులు, మాటిమాటికీ ఆపడం, నడపడం. కాబట్టి పెద్ద కంప్రెసర్‌ని గంటకి నాలుగుసార్లు ఆన్ ఆఫ్ చేయడం కంటే చిన్నదాన్ని రోజంతా నడిపి, స్టోరేజీ పెద్దది పెట్టుకోవడం మేలు. ఉదాహరణకి పది బస్సులు, ఒక్కోదానికి 25 కిలోలు అనుకుంటే రోజుకి 250 కిలోలు. రాత్రి నాలుగు గంటల్లోనే అన్నీ నింపాలంటే గంటకి 62 కిలోలు పైన తోలే కంప్రెసర్ కావాలి. 20 గంటలు నడిచేదైతే 12.5 కిలోలది చాలు, తేడా అంతా స్టోరేజీ మోస్తుంది. ఇంకో మెలిక: 200 బార్ ట్యూబ్ ట్రైలర్ (పొడవాటి సిలిండర్లు మోసే బండి) మీద గ్యాస్ తెప్పించుకుంటే, ట్రైలర్ ఖాళీ అయ్యేకొద్దీ కంప్రెసర్‌కి అందే ప్రెషర్ పడిపోతుంది, అది సగమైతే కంప్రెసర్ తోలేది కూడా దాదాపు సగమే. ఉదయం కొలిచిన కెపాసిటీని సాయంత్రానికి రాసుకోకూడదు.

పాత పెట్రోల్ బంకు పక్కన పెడదామనుకునేవాళ్లు పైకి చూడాలి. ఫాల్స్ సీలింగున్న చదునైన పందిరి కింద లీకైన హైడ్రోజన్ పైకి చేరి నిలిచిపోతుంది. వాలు పైకప్పు, దాని ఎత్తైన అంచున గాలి పోయే దారి, సెన్సార్లు అక్కడే. ఎల్పీజీ సెన్సారులా నేలకి దగ్గర పెడితే దండగ. లైట్లు, స్విచ్చులు, జంక్షన్ బాక్సులు ఐఐసీ గ్యాస్ గ్రూపువో (హైడ్రోజన్ లాంటి తేలిగ్గా అంటుకునే గ్యాస్‌ల తరగతి), ఐఐబీ ప్లస్ హైడ్రోజన్ అని రాసినవో కావాలి. పెట్రోలుకి చాలిన ఐఐఏ ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిట్టింగు హైడ్రోజన్‌కి చాలదు. పగటిపూట ఈ మంట కంటికి కనబడదు కూడా, అందుకే అల్ట్రావయొలెట్, ఇన్‌ఫ్రారెడ్ ఫ్లేమ్ డిటెక్టర్లు.

తొలిసారి గ్యాస్ ఎక్కించేటప్పుడు పైపుల్లో గాలి ఉండగా హైడ్రోజన్ వదలకూడదు. ముందు నైట్రోజన్‌తో గాలిని గెంటి, తర్వాత హైడ్రోజన్‌తో నైట్రోజన్‌ని గెంటాలి. రెండో పని తొందరగా ముగించి శాంపిల్ పంపితే ల్యాబ్‌లో తిరగ్గొడతారు: హైడ్రోజన్ స్వచ్ఛత ప్రమాణం ఐఎస్‌ఓ 14687 ప్రకారం నైట్రోజన్ 300 పీపీఎం (పది లక్షల్లో 300 వంతులు) దాటకూడదు. తేమ 5, కార్బన్ మోనాక్సైడ్ 0.2, గంధకం 0.004. ఈ చివరి రెండూ బండిలో హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే ఫ్యూయల్ సెల్‌లోని ప్లాటినాన్ని నేరుగా దెబ్బతీసేవి.

హై ప్రెషర్ లైన్లకి కోన్ అండ్ థ్రెడ్ ఫిట్టింగులు (పైపు కోసు మొన సీటులో కూర్చుని థ్రెడ్లతో బిగిసేవి) వాడతారు. పక్కన సూది మొనంత రంధ్రం ఉంటుంది, లీకైతే గ్యాస్ థ్రెడ్ల మీద పడకుండా అందులోంచి బయటికొస్తుంది. సబ్బునీళ్లు పూయాల్సింది దాని దగ్గర. ఆ రంధ్రానికి పెయింటేసి మూసేసిన ఫిట్టింగుని ఒప్పుకోవద్దు. బుడగ కనబడితే ప్రెషర్ దించి, విప్పి, కోన్ చూసి మళ్లీ బిగించాలి. ప్రెషర్ మీద ఉండగా స్పానర్ పెట్టకూడదు. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో పక్కనున్న సాండ్వికా స్టేషన్ పేలింది కూడా పెద్ద సిద్ధాంతమేదో తప్పయి కాదు, హై ప్రెషర్ ట్యాంకు ప్లగ్గు లోపలి బోల్టులు సరైన టార్క్‌కి (తిప్పే బలానికి) బిగించకపోవడం వల్ల. ఒకరు బిగించి, ఇంకొకరు టార్క్ రెంచితో సరిచూసి, బోల్టు మీద గీత గీసి, రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం చేశాకే ఆ ట్యాంకుకి గ్యాస్ ఎక్కించాలి.