పది కిలోల ఆపిల్స్, ఆరు వారాల లెక్క

మొదటి రోజు: పెట్టె విప్పి, నేల మీద దుప్పటి పరిచి, పళ్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను. మొత్తం 58. గాలా, ఫూజీ, గ్రానీ స్మిత్ రకాలు కలిసి ఉన్నాయి. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు ఈసారి మానేశాను. నొక్కిన చోటే తర్వాత గోధుమరంగు మచ్చ తేలుతుంది. దెబ్బ తగిలినవి, తొడిమ ఊడినవి 11 ఉంటే వంటకని పక్కన పెట్టాను. మిగిలినవి కడగలేదు. తడి ఆరకపోతే తొడిమ గుంటలో బూజు పడుతుంది.

ఆపిల్‌కి 0 నుంచి 4 డిగ్రీల చల్లదనంతో పాటు తేమ కూడా కావాలి. ఫ్రిజ్‌లో చలి ఉంటుంది కానీ గాలి పొడిగా ఉంటుంది. అందుకే పాలిథిన్ సంచులకు చిన్న చిన్న చిల్లులు పొడిచి, వాటిలో వేసి కింది అరలో సర్దాను. పోల్చి చూద్దామని ప్రతి రకంలో నాలుగేసి వంటింటి అల్మరాలో ఉంచాను.

తొమ్మిదో రోజు: అల్మరాలోని గాలా కొరికితే కరకర లేదు, పిండిపిండిగా ఉంది. ఫూజీ ఇంకా బాగానే ఉంది. ఫ్రిజ్‌లోవి నిన్న తెచ్చినట్టే ఉన్నాయి. తెలివితక్కువ పని ఒకటి చేశాను. చోటు చాలక క్యారెట్లను కూడా అదే అరలో పెట్టాను. అవి చేదెక్కాయి. ఆపిల్ వదిలే ఇథిలీన్ వాయువు పక్కనున్న పళ్లను త్వరగా పండిస్తుందని తెలుసు గానీ, క్యారెట్‌ని చేదు చేస్తుందని నాలుకకు తగిలాకే గుర్తొచ్చింది.

పక్కన పెట్టిన 11 పళ్లు అప్పటికే గుజ్జయ్యాయి. మొదటి దఫాలో కిలో ముక్కలకు రెండు గ్లాసుల నీళ్లు పోశాను. అది గుజ్జు కాదు, చారు. మూత తీసి ఇగరబెట్టడానికే ముప్పావు గంట పట్టింది. రెండో దఫాలో అరగ్లాసు నీళ్లే పోసి, మూతపెట్టి, సన్న సెగ మీద ఉంచాను. ఇరవై నిమిషాల్లో గరిటెతో మెదిపితే చాలు. చక్కెర మాత్రం ఉడికాక రుచి చూసి వేసుకోవాలి. గాలా గుజ్జుకి అసలు అక్కర్లేకపోయింది, ఒక దాల్చినచెక్క ముక్క సరిపోయింది.

పదహారో రోజు: ఈ పెట్టెలో నాకు బాగా నచ్చిన పని తొక్కలతో జెల్లీ. జెల్లీని గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం ఎక్కువగా తొక్కలోనూ, గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ ఉంటుంది. పుల్లటి గ్రానీ స్మిత్‌లో ఇంకా బాగుంటుంది. తొక్కలు మునిగేదాకా నీళ్లు పోసి నలభై నిమిషాలు ఉడికించి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీశాను. ఓపిక పట్టలేక కొంచెం పిండాను, రసం మసకబారింది. పిండకపోతే అద్దంలా తేరుతుంది. కప్పు రసానికి ముప్పావు కప్పు చక్కెర వేసి మరిగించాను. ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. మొదటి రెండుసార్లు చుక్క జారిపోయింది, మూడోసారి ముడత పడింది.

ఇరవై ఏడో రోజు: 3 మిల్లీమీటర్ల చక్రాలు కోసి, ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచి, కడిగి ఓవెన్‌లో అతి తక్కువ వేడి మీద ఆరబెట్టాను. తలుపు సందులో చెక్క గరిటె పెట్టి ఆవిరి పోనిచ్చాను. ఐదు గంటలు పట్టింది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే అనిపిస్తాయి, చల్లారాకే తెలుస్తుంది. సీసాలో పోసిన మర్నాడు గాజు లోపల నీటి బొట్లు కనిపించాయి. మళ్లీ గంటసేపు ఓవెన్‌లోకి! కొన్ని ముక్కలు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి సంచిలో వేశాను. కరిగితే మెత్తబడతాయి కాబట్టి అవి గుజ్జుకే.

నలభై రెండో రోజు: ఫ్రిజ్‌లో ఆరు ఫూజీలు, మూడు గ్రానీ స్మిత్ మిగిలాయి. వారానికోసారి సంచి విప్పి చూస్తున్నాను కాబట్టి, కుళ్లింది ఒకటే దొరికింది. దాన్ని ఆనుకుని ఉన్న పండు మీద మచ్చ మొదలైంది. ఆ వైపు చెక్కేసి, మిగిలింది ఈ సాయంత్రం గుజ్జులో వేశాను.