మోచి దంచడం సులువే, నలపడమే కష్టం

జపాన్‌లోని సైతామాలో మేముండే పేటలో కబుర్లన్నీ ఒక అట్ట మీద ఇల్లిల్లూ తిరుగుతాయి. దాన్ని కైరాన్‌బాన్ అంటారు. నివాసుల సంఘం కాగితాలు తగిలించి పంపుతుంది. చదివి, సంతకం పెట్టి పక్కింటికి అందించాలి. డిసెంబరులో వచ్చిన అట్టలో మోచిత్సుకి, అంటే ఉడికిన జిగురు బియ్యాన్ని దంచి మోచి అనే ముద్ద చేసే పని, కబురు ఉంది: 28న పార్కులో కొత్త సంవత్సరానికి మోచి దంచుతున్నాం, సాయానికి మనుషులు కావాలి. పేరు రాసేశాను. 29న మోచి చేయడం అశుభమని చాలామంది మానేస్తారు. 31న చేస్తే దేవుడికి హడావిడిగా మొక్కుబడి తీర్చినట్టవుతుందని అదీ వద్దంటారు. ముహూర్తాల పట్టింపు మనకే ఉందనుకునేవాళ్లు ఒకసారి డిసెంబరులో జపాన్ రావాలి.

దీనికి వాడేది మోచిగొమె, అంటే జిగురు బియ్యం. ఇందులో అమైలోజ్ దాదాపు ఉండదు, పిండిపదార్థమంతా అమైలోపెక్టినే. అందుకే దంచితే సాగే ముద్ద అవుతుంది. ముందురోజే కడిగి రాత్రంతా నానబెట్టారు. పొద్దున్నే పార్కులో పొయ్యి వెలిగించి, సెయిరో అనే చెక్క పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డలో బియ్యం పోసి ఆవిరి మీద ఉడికించారు. వాయికి రెండు షో, అంటే సుమారు మూడు కిలోలు.

ఫొటోల్లో కనబడేది కినె అనే కొయ్య సమ్మెటను పైకెత్తి దంచడమే. అసలు పని అంతకుముందే జరిగిపోతుంది. ఉసు అనే పెద్ద రోటిలో వేడినీళ్లు పోసి ఉంచుతారు. రోలు వేడెక్కాక వాటిని పారబోసి, పొగలు కక్కుతున్న బియ్యాన్ని కుమ్మరిస్తారు. వెంటనే దంచితే మెతుకులు ఎగిరి బయట పడతాయి. అందుకని ముగ్గురం రోటి చుట్టూ నిలబడి, కినె తలను మెతుకుల మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కుతూ, చుట్టూ అడుగులు వేస్తూ నలిపాం. వేడి తగ్గేలోగా మెతుకు రూపం పోవాలి. చల్లబడితే మిగిలిన పలుకులు ఎంత దంచినా నలగవు, తినేటప్పుడు పంటికి తగులుతాయి. నడుము పట్టేసేది ఇక్కడే. ఆ చలిలోనూ కోటు విప్పేశాను.

తర్వాత దంచడం. ఒకరు దంచుతుంటే ఇంకొకరు దెబ్బకూ దెబ్బకూ మధ్య తడిచేత్తో ముద్ద అంచును మధ్యలోకి మడవాలి. నా ఎదుట కూర్చున్నది మా వీధి పెద్దావిడ. “చేతుల బలంతో కొట్టకండి, కినె బరువుకే వదిలేయండి. రోటి అంచుకు మాత్రం తగలనివ్వకండి, చెక్క పేళ్లు మోచిలో కలుస్తాయి” అంది. చుట్టూ పిల్లలు “యోయిషో! యోయిషో!” అని అరుస్తున్నారు. నా కళ్లు ఆవిడ వేళ్ల మీదే. ఆవిడ మాత్రం పక్కవాళ్లతో మాట్లాడుతూనే మడుస్తోంది.

ఈ రోజుల్లో శుభ్రత నియమాలు గట్టివే. చలికాలంలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ భయం కాబట్టి ముద్దను తుంచేవాళ్లందరికీ చేతితొడుగులు, మాస్కులు. వేడివేడిగా తుంచిన ఉండలను మూడు రకాలుగా పెట్టారు: కినాకో, అంటే వేయించిన సోయాపిండి, చక్కెర కలిపి ఒకటి; ఉడికించిన అజుకి అనే చిన్న ఎర్ర గింజల తీపి ముద్దతో ఒకటి; తురిమిన ముల్లంగి, సోయా సాస్‌తో ఒకటి. నా ఓటు ముల్లంగికే. ఘాటు, ఉప్పదనం, మెత్తదనం ఒకేసారి నాలుకకు తెలుస్తాయి. పెద్దవాళ్లకు కత్తెరతో చిన్న ముక్కలు చేసి ఇచ్చారు. మోచి గొంతుకు అడ్డంపడి ఏటా ప్రాణాలు పోతుంటాయి, టోక్యో అగ్నిమాపక శాఖ కూడా దీని గురించి హెచ్చరిస్తుంటుంది.

పలకలా పరిచిన మోచి కొంత ఇంటికి ఇచ్చారు. మర్నాటికి గట్టిపడితే చతురస్రాలుగా కోశాను. జనవరి 1న జోనీ చారులో వేయాలి. ఇక్కడి కాంతో ప్రాంతంలో చతురస్రపు ముక్కను కాల్చి తేట చారులో వేస్తారు. క్యోటోలో గుండ్రటి మోచి, తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు. కగావాలోనైతే తీపి పూర్ణం పెట్టిన మోచినే తెల్ల మిసోలో వేస్తారు! మామూలుగా చారుకు ఎండు చేప వాడతారు. మేము శాకాహారులం కాబట్టి కొంబు నాచు, ఎండు షీటాకే పుట్టగొడుగులు రాత్రే నానబెట్టి ఆ నీటితో కాచాను. రుచి ఏమీ తగ్గలేదు.

దేవుడి దగ్గర రెండంతస్తులుగా పెట్టిన కగామి మోచిని జనవరి 11న తీశాం. కత్తి పెట్టకూడదు, సుత్తితో పగలగొట్టాలి. సగం ముక్కలు అజుకి పాయసంలోకి వెళ్లాయి. మిగతా వాటిని చిన్నగా విరిచి, వడియాల్లా బాగా ఎండనిచ్చి, నూనెలో వేయించి ఉప్పూ కారం చల్లాను. జపాన్ వాళ్లూ ఇలా వేయిస్తారు, కారం మాత్రం నాదే.

ఆ వారంలోనే గుడి ఆవరణలో దొందోయాకి జరిగింది. గుమ్మాలకు కట్టిన గడ్డి తాళ్లు, కొత్త సంవత్సరపు అలంకారాలు మంటలో వేసి, కొమ్మలకు గుచ్చిన బియ్యపుపిండి ఉండలను ఆ సెగకు కాల్చుకు తింటారు. ఏడాదిపాటు జబ్బులు రావని నమ్మకం. మన భోగి మంట కూడా ఈ రోజుల్లోనే కదా అని అడుగుతూ వేయించిన మోచి పొట్లం పెద్దావిడ చేతిలో పెట్టాను. నాలుగు ముక్కలు తిని, నీళ్లు తాగి, కారం ఎక్కడ దొరుకుతుందని అడిగింది.