దారం ఉండ

నిన్న కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్‌లో దిగి, ఊరికే అలా పాత వీధిలోకి నడిచాను. తొంభైల్లో మేం సరుకులు తెచ్చుకునే కిరాణా కొట్టు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంది.

ఆ కొట్టు పైకప్పు నుంచి ఒక దారం ఉండ వేలాడుతుండేది. అంకుల్ పాత పేపరు చుట్టి, పావుకిలో కందిపప్పు పోసి, పైన మడిచి, దారం సర్రున లాగి నాలుగు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవాడు. కత్తెరతో పని లేదు. ఇంటికొచ్చాక అమ్మ పప్పు డబ్బాలో పోసుకుంటే, సినిమా పేజీ వచ్చిందేమోనని నేను ఆ కాగితం విప్పి చూసేదాన్ని. సగం వార్తే ఉండేది. మిగతా సగం ఎవరింటికి వెళ్లిందో!

"నాన్న జీతం రాగానే ఇస్తారట" అని చెప్పాలంటే నాకు చచ్చేంత టెన్షన్. ఆయన తలెత్తకుండానే ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. డబ్బులిచ్చిన రోజు మాత్రం చిల్లరకు బదులు న్యూట్రిన్ చాక్లెట్ చేతిలో పెట్టేవాడు. చిల్లర ఎప్పుడూ ఉండేది కాదు లెండి, నేనూ అడిగేదాన్ని కాదు.

పక్కనే అద్దె సైకిళ్లు, గంటకు రూపాయి. సైకిల్ షాపువాడు గడియారం ముందుకు తిప్పి పెట్టేవాడని మా తమ్ముడి అనుమానం, ఇప్పటికీ.

మొబైల్ షాపులో ఛార్జర్ కొన్నాను. చిల్లర లేదు మేడమ్, ఫోన్‌పే చేయండి అన్నాడు.