కొలొనోస్కోపీ కాదు, ముందు రాత్రే కష్టం

కొలొనోస్కోపీ అంటే కెమెరా ఉన్న ట్యూబు పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అందరికీ ఆ ట్యూబంటేనే భయం. నన్నడిగితే దానిదేం లేదు, మత్తిచ్చి పడుకోబెడతారు, మెలకువ వచ్చేసరికి అయిపోతుంది. అసలు పేచీ అంతా పేగు ఖాళీ అవడానికి ముందు సాయంత్రం తాగే విరేచనాల పౌడరు నీళ్లతో. నాలాంటి ఏఎఫ్ వాళ్లకి మరీను.

ఏఎఫ్ అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు పద్ధతిగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి, దాంతో నాడి లయ తప్పుతుంది. నాకు ఎప్పుడైనా వచ్చి, కొన్ని గంటల్లో తగ్గిపోయే రకం. రాత్రిపూట దడ తగ్గించే మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటాను.

ఆస్పత్రి వాళ్లిచ్చిన చీటీలో రక్తం పలచబడే మాత్ర ఎప్పుడు ఆపాలో రాశారు. దడ మాత్ర గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే, "ఏ మాత్రలూ వద్దు మేడమ్" అని పెట్టేశారు.

ఆ విరేచనాల పౌడరు (పెగ్ అంటారు) రెండు లీటర్ల నీళ్లలో కలుపుకుని పావుగంటకో గ్లాసు తాగాలి. నిమ్మకాయ ఫ్లేవర్ అని రాసుంటుంది, నమ్మకండి. సగం తాగాక వాంతులు పట్టుకున్నాయి. ఇక రాత్రంతా బాత్రూమ్‌లోనే కాపురం. తెల్లవారుజామున గుండె దడ మొదలైంది. మణికట్టు పట్టుకుని చూస్తే రెండు గబగబా, ఒకటి ఆలస్యంగా, మళ్లీ నాలుగు గబగబా. కొత్తగా డప్పు పట్టుకున్న కుర్రాడి వాయింపే.

"టెన్షన్ అయ్యుంటుందిలే, కాసేపు పడుకో" అన్నారు మా ఆయన.

"టెన్షన్‌కి వేగంగా కొట్టుకుంటుంది గానీ ఇలా తప్పులు పడదండీ, ఆటో పిలవండి" అన్నాను.

ఈసీజీలో ఏఎఫ్, నిమిషానికి 130 పైన. రక్తంలో పొటాషియం 3.2. కనీసం 3.5 ఉండాలి, నాలాంటి గుండెకి 4 దాటి ఉంటే మంచిదంటారు మా కార్డియాలజిస్ట్. ఆ పౌడరులో లవణాలు కలిపే ఉంటాయి. కానీ తిండి లేదు, వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గడం, పైగా రాత్రి మాత్ర పడలేదు. ఇన్ని కలిస్తే గుండె ఊరుకుంటుందా? పొటాషియం సెలైన్‌లో ఎక్కించారు. చెయ్యంతా మంట. సాయంత్రానికి లయ దారిలో పడింది. కొలొనోస్కోపీ మాత్రం వాయిదా.

రెండోసారికి కార్డియాలజిస్ట్ గ్యాస్ట్రో డాక్టరుకే ఉత్తరం రాసిచ్చారు. ముందుగా పొటాషియం, మెగ్నీషియం చూశారు. పౌడరు సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున. మాత్ర గుక్కెడు నీళ్లతో మామూలుగానే. మధ్యలో పొటాషియం కోసం కొబ్బరినీళ్లు కూడా తాగమన్నారు. నా కిడ్నీలు బాగున్నాయి కాబట్టి సరే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి అదే పొటాషియం ప్రమాదం. లోపల గాలి ఊదినప్పుడు పేగు సాగి, మెదడు నుంచి గుండెకీ పేగులకీ వెళ్లే వేగస్ నరం ద్వారా కూడా కొందరికి లయ తప్పుతుందట. అందుకని మానిటర్ పెట్టి చూస్తూనే ఉన్నారు. ఏమీ కాలేదు. చిన్న పాలిప్ (పేగు లోపలి పొర మీద పెరిగే బుడిపె) ఉంటే తీసేశారు.

ఇప్పుడు దవడ పన్ను తీయించుకోవాలి. మత్తు ఎక్కువసేపు ఉండేందుకు, రక్తం తక్కువ పోయేందుకు పంటి ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ కలుపుతారు. అది గుండెని ఉరికిస్తుంది. అది లేకుండా గానీ, బాగా తగ్గించి గానీ చేస్తానని డెంటిస్ట్ అన్నారు. బుధవారం వెళ్తున్నాను, మా ఆయన ఆటో ఇప్పుడే మాట్లాడి పెట్టారు.