90 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌కు దారి అనుమతి: నా అనుభవం

90 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫ్యాక్టరీ నుంచి సబ్‌స్టేషన్‌కు రోడ్డు మీద చేర్చే పనిలో అనుమతుల బాధ్యత నాకు అప్పగించారు. ట్రైలర్, డ్రైవర్లు, గొలుసులు రవాణా సంస్థ చూసుకుంటుంది. కాగితాలు, కొలతలు, దారి నేను చూసుకోవాలి. ఇలాంటి పని కొత్తగా చేతికొచ్చిన వాళ్లకు పనికొస్తుందని ఇది వివరంగా రాస్తున్నాను. అనుమతి ఇచ్చే ఆఫీసులో "మొత్తం బరువెంత?" అని ఒక్కసారే అడిగారు. "ఆ బరువు ఏ ఇరుసు మీద ఎంత పడుతుంది? ఇరుసుల మధ్య దూరమెంత?" అని మాత్రం పదేపదే అడిగారు. నా పనంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మామూలు లారీల పరిమితులు దేశాన్ని బట్టి కొంత మారతాయి. వెడల్పు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే: యూరప్‌లో 2.55 మీటర్లు, భారత్‌లో 2.6, అమెరికాలో 102 అంగుళాలు అంటే సుమారు 2.59. మొత్తం బరువు అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల పైచిలుకు. యూరప్‌లో దేశాల మధ్య తిరిగే లారీలకు సాధారణంగా 40 టన్నులు. వీటిని దాటితే ప్రత్యేక అనుమతి కావాలి. అది దాదాపు ఎక్కడైనా విడదీయలేని సరుకుకే ఇస్తారు. విడదీయలేనిది అంటే ఏమిటో అమెరికా నిబంధనల్లో స్పష్టంగా ఉంది. విడగొడితే ఆ వస్తువు పనికిరాకుండా పోవాలి, లేదా విలువ పోవాలి, లేదా సరైన పరికరాలున్నా విడదీయడానికి 8 పనిగంటలు దాటాలి. మేమూ విప్పగలిగిందంతా విప్పాకే దరఖాస్తు పెట్టాం. నూనె తీసేసి ట్యాంకులో పొడిగాలి నింపారు. బుషింగులు (తీగలు తగిలించే పింగాణీ గొట్టాలు), రేడియేటర్లు, కన్జర్వేటర్ (పైనుండే నూనె డబ్బా) వేరే లారీల్లో వెళ్లాయి. అవన్నీ పోగా మిగిలినదే ఈ 90 టన్నులు.

బరువు విషయంలో కేటలాగు అంకె సరిపోదు. తయారీదారు ఇచ్చే డ్రాయింగులో "రవాణా బరువు" అని వేరుగా ఉంటుంది, దాన్నే తీసుకోవాలి. అందులోనే గరిమనాభి ఎక్కడుందో కూడా గుర్తు పెడతారు. అది ట్యాంకు సరిగ్గా నడిమధ్యలో ఉండాలని లేదు. మాదాంట్లో కొంచెం ఒక పక్కకు ఉంది. హైడ్రాలిక్ ట్రైలర్‌లో చక్రాల జాకీలను మూడు లేదా నాలుగు గుంపులుగా కలుపుతారు. ఒక్కో గుంపులో నూనె ఒత్తిడి ఒకటే కాబట్టి, ఆ గుంపులోని ఇరుసులన్నీ బరువును సమానంగా పంచుకుంటాయి. మూడు గుంపులుగా కలిపితే వాటి మధ్యబిందువులతో ఒక త్రిభుజం ఏర్పడుతుంది. లోడు గరిమనాభి ఆ త్రిభుజం లోపల, అంచులకు దూరంగా ఉండాలి. అంచు దాకా వస్తే పక్కవాలు రోడ్డు మీద బండి బోల్తా పడే ప్రమాదం ఉంది. డ్రాయింగులో ఆ చిన్న గుర్తు చూపే కొలత అంత ముఖ్యం. ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రైలర్ మీద పెట్టాక ప్రెషర్ గేజీలు చూసి, నాలుగు మూలలా బరువు లెక్క ప్రకారమే పడిందో లేదో సరిచూశాం.

రవాణా సంస్థ మొదట 8 వరుసల ఇరుసులున్న ట్రైలర్ ప్రతిపాదించింది. ఒక్కో వరుస బరువు సుమారు 4 టన్నులు. అంటే 90కి 32 కలిపి 122 టన్నులు, వరుసకు 15 టన్నుల పైనే. వంతెనల విభాగం దాన్ని వెనక్కి పంపింది. 10 వరుసలకు మారిస్తే మొత్తం బరువు 130 టన్నులకు పెరిగింది కానీ వరుసకు 13 టన్నులే పడింది. దానికి ఒప్పుకున్నారు. బండి బరువు పెరిగితే అనుమతి రావడమేంటని మా ఆఫీసులో చాలామంది ఆశ్చర్యపోయారు. బురదలో పలక వేసుకుని నడిచినట్టే ఇది, బరువు ఎంత వెడల్పున పరుచుకుంటే కింద అంత తేలిక. రోడ్డు విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను తిప్పి పరీక్షించారు. ఇరుసు బరువు పెరిగితే రోడ్డు అరుగుదల సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని ఆ ఫలితాలు చూపించాయి. ఇరుసు మీద 10 టన్నుల బదులు 12 పడితే బరువు ఐదో వంతే పెరిగింది, నష్టం మాత్రం రెట్టింపు. ఈ లెక్క తెలిశాక, ఓవర్‌లోడు గురించి అధికారులు పట్టుబడితే నాకు విసుగనిపించలేదు.

వంతెనల లెక్క వేరు. అక్కడ ఇరుసు బరువుతో పాటు ఇరుసుల మధ్య దూరం కూడా చూస్తారు. ఒకే బరువు పొట్టి బండిలో వస్తే దూలం ఎక్కువ వంగుతుంది, పొడవాటి బండిలో వస్తే తక్కువ. అమెరికా 1974లో తెచ్చిన వంతెన సూత్రం సారాంశం ఇదే. మా అనుమతి పత్రంలో వంతెనల గురించి ఐదు షరతులు రాశారు: నడకవేగంతో వెళ్లాలి, రోడ్డు మధ్యలో వెళ్లాలి, ఆ సమయంలో వంతెన మీద ఇంకో వాహనం ఉండకూడదు, మధ్యలో ఆగకూడదు, బ్రేకు వేయకూడదు. వేగం తగ్గితే కుదుపు వల్ల పడే అదనపు భారం తగ్గుతుంది. మధ్యలో వెళ్తే దూలాలన్నీ బరువు పంచుకుంటాయి, అంచున వెళ్తే ఆ పక్క దూలమే మోయాలి. బ్రేకు వేస్తే ఆ తోపు వంతెన బేరింగుల మీద, అంటే దూలాలు ఆనే దిమ్మల మీద పడుతుంది. బయల్దేరే ముందు ఈ కారణాలన్నీ డ్రైవర్‌తో కూర్చుని మాట్లాడాను. "కారణం తెలిస్తే చాలు సార్, నేను చూసుకుంటా" అన్నాడు. చెప్పినట్టే ప్రతి వంతెన ముందూ బండి ఆపి, అవతలి ఒడ్డు ఖాళీ అయిందని వాకీటాకీలో రెండుసార్లు విన్నాకే కదిలాడు.

ఎక్కువ శ్రమ రూట్ సర్వేకి పట్టింది. ట్రైలర్ మీద లోడు ఎత్తు 5 మీటర్లు. దారిలో తలపైన అడ్డొచ్చే ప్రతిదాన్నీ కొలిచాను: వంతెనలు, కరెంటు తీగలు, ఫోను తీగలు, బోర్డులు, చెట్ల కొమ్మలు. బోర్డు మీద రాసిన ఎత్తును నమ్మలేదు. బోర్డు పెట్టాక కింద మళ్లీ తారు వేసి ఉంటే ఆ మందం మేర ఖాళీ తగ్గిపోతుంది. కరెంటు తీగలు పొద్దున ఒక ఎత్తులో, మధ్యాహ్నం ఎండకు సాగి ఇంకో ఎత్తులో ఉంటాయి. అందుకే ఖాళీ తక్కువనిపించిన చోట్ల మళ్లీ ఎండవేళ వెళ్లి కొలిచాను. తీగకూ లోడుకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో విద్యుత్ సంస్థే చెప్పాలి. తీగ తగలకపోయినా హై వోల్టేజి గాలిలోంచే దూకుతుంది. అలాంటి చోట లైను ఆపించి, వాళ్ల మనుషులు దగ్గరుంటేనే దాటాలని ముందే రాయించుకున్నాం.

సర్వేలో తేలిగ్గా తప్పిపోయే విషయం ఇంకొకటి ఉంది. వంతెన కింద రోడ్డు పల్లంగా ఉంటే పొడవాటి ట్రైలర్ ముందు చక్రాలు అవతలి గట్టు మీద, వెనక చక్రాలు ఇవతలి గట్టు మీద ఉంటాయి. మధ్యలో లోడు, రోడ్డు నుంచి కొలిచిన ఎత్తు కంటే పైకి లేస్తుంది. కర్రతో కొలిస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది కానీ బండి పట్టదు. మిట్ట మీద దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, డెక్ (లోడు పెట్టే తలం) కడుపు నేలకు రాసుకుంటుంది. హైడ్రాలిక్ ట్రైలర్ డెక్‌ను కొంత పైకీ కిందికీ జరపగలం కాబట్టి, ఏ చోట ఎంత దించాలో ఎంత లేపాలో దారి చార్టులో రాసి ముందు దారి చూస్తూ వెళ్లే పైలట్ వాహనానికి ఒక కాపీ, స్టీరింగ్ పట్టే వాళ్లకు ఒక కాపీ ఇచ్చాను.

ఎత్తు గురించి ఇంత పట్టుదల ఎందుకని అడిగిన వాళ్లకు 2013 మే 23న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగింది చెప్పేవాణ్ని. ఐ-5 హైవే మీద స్కాగిట్ నది వంతెన పైకమ్మీలు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు కిందికి వంగి ఉండేవి. ఎక్కువ ఎత్తున్న లోడుతో కుడి లేన్‌లో వెళ్తున్న లారీ ఆ కమ్మీలకు తగిలింది. వంతెనలో ఒక భాగం నదిలో పడిపోయింది. దాంతో పాటు రెండు వాహనాలు, వాటిలో ముగ్గురు మనుషులు నీళ్లలో పడ్డారు. ముగ్గురూ బతికారు. ఎడమ లేన్‌లో వెళ్తే ఆ లోడుకు ఎత్తు సరిపోయేది. లారీకి అనుమతి ఉంది, ముందు ఎత్తు సరిచూసే కర్ర కట్టిన పైలట్ వాహనమూ ఉంది. పైలట్ డ్రైవర్ ఆ సమయంలో ఫోనులో మాట్లాడుతోందని దర్యాప్తులో తేలింది. మా పైలట్ వాహనం కర్రను లోడు కంటే 10 సెంటీమీటర్లు ఎత్తుగా కట్టించాను. అందులో ఇద్దరు ఉండాలన్నాను, ఒకరు నడపడానికి, ఇంకొకరు కర్ర మీద కన్నేసి వాకీటాకీలో మాట్లాడటానికి. సెల్‌ఫోన్లు వద్దన్నాను. లోడుకూ పైలట్‌కూ మధ్య, కర్ర తగిలితే వెనక బండి ఆగగలిగేంత దూరం ఉండాలన్నాను. ఈ విషయంలో ఎవరితోనూ రాజీపడలేదు, ఇకముందు కూడా పడను.

లోడు కట్టడం గురించి. అమెరికా, యూరప్ నిబంధనలు రెండూ ఒక అంకె దగ్గర కలుస్తాయి: ముందు వైపు లోడు బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కీ సగం బలాన్ని కట్టు తట్టుకోవాలి. 90 టన్నులకు ముందు వైపే 72 టన్నుల బలం! ఇనుము మీద ఇనుము సులువుగా జారుతుంది కాబట్టి ట్యాంకుకూ డెక్‌కూ మధ్య రబ్బరు మ్యాట్లు వేశారు. గొలుసులను, ట్యాంకు మీద అందుకోసమే ఇచ్చిన కొక్కేలకు మాత్రమే తగిలించారు. పైపులకు, వాల్వులకు తగిలించనివ్వలేదు. బయల్దేరిన కాసేపటికే గొలుసులు కొంచెం వదులవుతాయి, అది మామూలే. అమెరికా నిబంధన ప్రకారం మొదటి 50 మైళ్ల లోపు ఒకసారి చూసుకోవాలి. మేము అంతకంటే చాలా ముందే ఆపి బిగించాం.

ప్రయాణం నెమ్మదిగా, పెద్ద సంఘటనలేవీ లేకుండా సాగింది. వెలుతురు ఉన్నంతసేపే నడిపాం, వెనక బారులు తీరిన వాహనాలకు వీలైన చోటల్లా పక్కకు తప్పుకుని దారి ఇచ్చాం. ఒక మలుపులో ట్రైలర్ తోక గట్టు మీదికి వస్తుందని సర్వేలోనే రాసుకున్నాం, అక్కడ ముందే మట్టి చదును చేయించి ఇనుప పలకలు పరిచి ఉంచాం. సబ్‌స్టేషన్‌లో దించాక దారిలో కుదుపులను నమోదు చేసే ఇంపాక్ట్ రికార్డర్ తెరిచి, కుదుపులు తయారీదారు చెప్పిన పరిమితి లోపలే ఉన్నాయని చూసి ఇరుపక్షాలూ సంతకాలు చేశారు.

చివరగా, దరఖాస్తు పెట్టేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా అనుమతి అడగండి. ఖాళీగా ఉన్నా ఆ ట్రైలర్ వెడల్పు 3 మీటర్లు, మామూలు పరిమితి దాటుతుంది. మాకు రెండూ ఒకే దరఖాస్తులో వచ్చాయి కాబట్టి దించిన మర్నాడే బండి వెళ్లిపోయింది.