ఎలూల్ నెలలో నా చీటీల పుస్తకం

రేపు సాయంత్రం పొద్దు గూకగానే రోష్ హషానా, యూదుల కొత్త సంవత్సరం. చెయ్యి వణుకుడు తగ్గకముందే ఇది రాసేస్తున్నా.

మాది పశ్చిమ గోదావరి. ఇజ్రాయెల్‌లో ఒక మొరాకో పెద్దావిడ దగ్గర నాలుగేళ్లుగా కేర్‌గివర్‌ని. ఇక్కడ అమ్మమ్మని సవ్తా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. పండగ ముందొచ్చే ఎలూల్ నెలలో వీళ్లు ఏడాది తప్పుల లెక్క చూసుకుంటారు. మొరాకో వాళ్లయితే నెల పొడుగునా తెల్లారకముందే లేచి సెలిఖోత్ అనే క్షమాపణ ప్రార్థనలు చేస్తారు. మూడేళ్లుగా చక్రాల కుర్చీ తోసుకెళ్లి గుమ్మంలో కునికిపాట్లు పడేదాన్ని. ఈ ఏడు సవ్తా "నువ్వూ రాయి" అంది.

చీటీల పుస్తకంలో ఎడమ పేజీ మీద తప్పులు రాశాను. పది నిమిషాల్లో ముప్పై ఒకటి. మనల్ని మనం తిట్టుకోవడం కొత్తా!

వాటిలో చెల్లెలి సంగతి ఉంది. మేడ కట్టడానికి పంపిన డబ్బులో లక్షా ఇరవై వేలు తేడా వచ్చిందని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో దాన్ని దొంగ అన్నాను. నెల తిరక్కుండా ఐరన్ కొట్టు బిల్లు దొరికింది. నేను నోరెత్తలేదు. మేడ పని అక్కడే ఆగిపోయింది.

యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన చేసే ఉపవాసం దేవుడి పట్ల చేసిన తప్పులకే చెల్లుతుందట. మనిషికి చేసినదానికి ముందు ఆ మనిషిని సమాధానపరచుకోవాలని మిష్నా అనే వాళ్ల పాత ధర్మగ్రంథంలో ఉంది. ఒప్పుకోకపోతే మూడుసార్లు అడగాలి. నేను తెలివిగా "తెలిసో తెలియకో ఏమైనా తప్పు చేసుంటే క్షమించు" అని దండం బొమ్మతో మెసేజ్ పెట్టాను. సవ్తా ఒప్పుకోలేదు. ఏం చేశావో అది చెప్పమంది. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్లంతా ఓసారి ఈవిడ ముందు కూర్చోవాలి.

చెల్లెలికి మొదటిసారి ఫోన్ చేస్తే కట్ చేసింది. రెండోసారి ఎత్తి స్పీకర్లో పెట్టింది. అమ్మ, మరిది, పక్కింటి పిన్ని, అందరి గొంతులూ వినపడుతున్నాయి.

"ఏ విషయంలో అక్కా?"

"నిన్ను దొంగ అన్నాను. అది అబద్ధం."

"వినపడలా, సిగ్నల్ లేదు."

మళ్లీ చెప్పాను. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఐరన్ బిల్లు ఎంతక్కా?"

అంకె కూడా నా నోటితోనే చెప్పించింది. "సరే, పాలు పొంగుతున్నాయి" అని పెట్టేసింది. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నన్ను పంపిన ఏజెంటు లక్షలు మింగి హాయిగా తిరుగుతున్నాడు, వాడికి ఏ ఎలూల్ లేదు.

మర్నాడు సెలిఖోత్‌లో తప్పులు ఒప్పుకుంటూ గుండె మీద పిడికిలితో కొట్టుకునే చోట కసిగా కొట్టుకున్నాను. సవ్తా నా చెయ్యి పట్టేసుకుంది. ఇంటికొచ్చాక పుస్తకం తెరిచి, కుడి పేజీ ఎందుకు ఖాళీగా ఉందని అడిగింది. చేసిన మంచిని కూడా ఒప్పుకోవాలని 1935లో పోయిన రబ్బీ కూక్ అనే యూదు మతగురువు రాశాడని ఆవిడ మనవడు చెప్పాడు. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 26లో దశమభాగం ఇచ్చినవాడు, నువ్వు చెప్పినట్టే చేశానని దేవుడితోనే అంటాడు కదా, అదట ఆధారం. సండే స్కూల్లో చదివిందే, ఎప్పుడూ ఇలా తట్టలేదు.

అరగంటైనా పెన్ను కదల్లేదు. చివరికి సవ్తాయే చెప్పింది: "రాయి. నీళ్లు ముందు తన మోచేతి మీద పోసి చూసుకుని గానీ నా మీద పొయ్యదు." అది ఎవరూ చూడట్లేదనుకున్నాను.

మూడోసారి ఫోన్ చెయ్యలేదు. తిట్టిన గ్రూపులోనే బిల్లు ఫొటోతో సహా జరిగింది రాశాను. మీరెవరైనా చేస్తే ముందే గ్రూపులో రాసేయండి, పరువు ఒక్కసారే పోతుంది. మా వంశంలో ఇంత ధైర్యం ఎవరూ చెయ్యలేదు, అది కూడా కుడి పేజీలో ఎక్కించాను.

బ్లూ టిక్కులు పడ్డాయి. గ్రూపులో చెల్లెలు ఏమీ అనలేదు. ఇందాక నాకు విడిగా మెసేజ్ పెట్టింది: "మేడ మీద టైల్స్ ఏ రంగు వెయ్యమంటావు?"